పాతకారు బేరము: మాటకు వెల యెంత?

పూర్వము మన పశువుల సంతలలో ఎడ్లజతను మార్చుకొనదలచిన రైతు తన పాతజతను తోలుకొనిపోయి, క్రొత్తజతకు బేరమాడి, తేడాసొమ్మును రొక్కముగా చెల్లించి యింటికి మరలుచుండెడివాడు. పండ్లు చూచుట, గిట్టలు చూచుట, నడిపించి చూచుట, అన్నియు బేరమునకు ముందే జరుగుచుండెడివి. తుండుగుడ్డ క్రింద వ్రేళ్లు పట్టి వెల కుదిరి, బయానా చేతబడిన పిమ్మట, “ఈ యెద్దు కుంటుచున్నది, కొంత తగ్గింపు” మని యెవడైన ననినచో సంతలో వానికి మరల బేరము పుట్టెడిది కాదు. నేడు ఎడ్లకు బదులు మోటారుకార్లు వచ్చినవి. సంతకు బదులు అద్దాల షోరూములు వచ్చినవి. తుండుగుడ్డకు బదులు కాలిక్యులేటరు వచ్చినది. కాని కుదిరిన వెలను మార్చుట మర్యాద కాదన్న భావము మాత్రము సంతలోనే నిలిచిపోయినట్లు తోచుచున్నది.

పాతకారును వర్తకునికిచ్చి, దాని వెలను క్రొత్తకారు ధరలో తగ్గించుకొను పద్ధతిని మనవారు ‘ఎక్స్ఛేంజి’ యనుచున్నారు. ఇది క్రొత్తది కాదు. అమెరికాదేశమున 1920 తరువాతి దశాబ్దమున మోటారు వర్తకమును మార్చివైచిన నాలుగు కారణములలో పాతబండిని పుచ్చుకొని క్రొత్తబండి నిచ్చుట యొకటియని జనరల్ మోటార్సు కంపెనీకి చిరకాలము నాయకత్వము వహించిన ఆల్ఫ్రెడ్ స్లోన్ తన గ్రంథమున వ్రాసినాడు. వాయిదాలపై అమ్ముట, మూసిన పైకప్పుగల బండ్లు, ఏటేట క్రొత్త నమూనా అనునవి తక్కిన మూడు. అనగా పాతబండిని పుచ్చుకొనుట వర్తకుడు కొనుగోలుదారునకు చేయు ఉపకారము కాదు. క్రొత్తబండి అమ్ముడుపోవుటకు అది సాధనము. ఈ సంగతిని పాఠకులు మొదట గుర్తింపవలెను. ఉపకారమని నమ్మినవాడు తగ్గింపు నడిగినప్పుడు తల వంచును. వ్యాపారమని యెరిగినవాడు లెక్క యడుగును.

జరుగుచున్న దేమి? ఒక యుదాహరణమును ఊహింతము. ఒక గృహస్థు పట్టణమునకు పోయి పదునొకండు లక్షల కారును బేరమాడినాడు. వర్తకుని మనిషి యాతని పాతకారును నడిపి చూచి, మూత తెరచి చూచి, నాలుగులక్షల యిరువదివేలు వెల కట్టినాడు. గృహస్థు సంతసించి పాతికవేలు బయానా చెల్లించినాడు. రెండు నెలలు గడచినవి. బ్యాంకువారు అప్పు మంజూరు చేసినారు. మంచిరోజు చూచి, కుటుంబసమేతముగా, కొబ్బరికాయయు నిమ్మకాయలును చేతబట్టుకొని షోరూమునకు వచ్చినాడు. అప్పుడు వర్తకుని మనిషి, “అయ్యా, మరల పరీక్షించితిమి, మూడులక్షల యరువదివేలకంటె రాదు” అనును. ఏమి చేయగలడు? ముహూర్తము మించిపోవుచున్నది. పిల్లలు క్రొత్తకారులో నెక్కి కూర్చున్నారు. బయానా వారి చేతిలో నున్నది. అప్పుపత్రముపై సంతకమైనది. అరువదివేలు దిగమ్రింగి తాళపుచెవులు పుచ్చుకొనును. ఏరు దాటువరకు ఓడమల్లయ్య, ఏరు దాటిన పిమ్మట బోడిమల్లయ్య యన్న సామెత యిచ్చట తలక్రిందులైనది. ఏటి నడుమనే వర్తకుడు ఓడను నిలిపి క్రొత్తకేవు నడుగుచున్నాడు.

ఈ యుదాహరణము మా కల్పనయే. కాని యిట్టి సందర్భము తమకో తమ బంధువులకో తటస్థింపలేదని చెప్పగల కారుయజమానులు ఎందరుందురో పాఠకులే యోచింతురుగాక.

తగ్గింపునకు వర్తకులు చెప్పు కారణములు కొన్ని కలవు. బజారులో ధర పడిపోయినదనుట మొదటిది. వెల కట్టినవాడు మా యుద్యోగి కాడు, బయటి దళారియనుట రెండవది. పాతకారుపై జీయస్టీ కోయవలసియున్నదనుట మూడవది. తయారీకంపెనీ యిచ్చు ‘ఎక్స్ఛేంజి బోనస్సు’ను పాతకారు వెలలోనే కలిపి చెప్పితిమనుట నాలుగవది. వీనిలో మూడవది తెలియనివారిని బెదరించుట మాత్రమే. 2025 జనవరినుండి పాతకార్లను అమ్ము రిజిస్టరైన వర్తకులు తమ లాభపు తేడాపై నూటికి 18 వంతున పన్ను కట్టవలసియున్నది. ఆ పన్ను వర్తకుని లాభముపై పడునది. జీయస్టీ క్రింద రిజిస్టరు కాని సామాన్యగృహస్థు తన సొంతకారును అమ్మినప్పుడు అతనికి ఆ పన్ను లేదు. నాలుగవది గారడి. బోనస్సును విడిగా చూపినచో పాతకారు వెల యెంతయో తెలియును. కలిపి చూపినచో ఒక చేతితో నిచ్చినది మరియొక చేతితో లాగుకొనుట సులభము. దళారి మాటయు నిలువదు. షోరూములో కూర్చుండి, షోరూము కాగితముపై వెల వ్రాసినవాడు ఆ షోరూము తరఫున వ్రాసినట్లే గృహస్థు నమ్మును. అట్లు నమ్మునట్లు చేసినవారే దానికి బాధ్యులు.

ఇక మొదటి కారణమగు బజారు ధర. ఇందు కొంత యథార్థము లేకపోలేదు. 2025 సెప్టెంబరు 22వ తేదీనుండి చిన్నకార్లపై జీయస్టీ నూటికి 28నుండి 18కి తగ్గినది. పైనున్న సెస్సు తొలగినది. క్రొత్తకారు చవుకయైనప్పుడు పాతకారు వెల తగ్గుట సహజము. ఆగస్టులో పాతకారుకు వెల కట్టి, అక్టోబరులో క్రొత్తకారు నిచ్చిన వర్తకునకు నష్టము కలిగియుండవచ్చును. కాని ఆ నష్టమును భరింపవలసినవా డెవడు? వస్తువుల విక్రయమునుగూర్చిన 1930 నాటి చట్టములో 64ఏ సెక్షను కలదు. బేరము కుదిరిన పిమ్మట పన్ను పెరిగినచో అమ్మువాడు ఆ మేరకు ధరలో కలుపుకొనవచ్చును. తగ్గినచో కొనువాడు ఆ మేరకు తగ్గించుకొనవచ్చును, ఉభయులును వేరుగా ఒప్పుకొనియుండనిచో. ఇది అమ్మకమగు వస్తువుపై పన్నును గూర్చిన నియమము. పాతకారు బజారువెలను గూర్చినది కాదు. పాతకారుకు ఒక వెల నొప్పుకొన్న వర్తకుడు ఆ వెలతో కూడ బజారు హెచ్చుతగ్గులను నెత్తిన నెత్తుకొన్నవాడే. రెండు నెలలలో పాతకార్ల ధర పెరిగియున్నచో ఆ పెరుగుదలను గృహస్థునకు పంచి యిచ్చియుండెడివాడా? లాభము తనదియు నష్టము పరునిదియునగు బేరమును వ్యాపారమనరు.

ముద్రితమైన బుకింగు కాగితములను పరికించినచో ఈ సంగతి మరింత స్పష్టపడును. క్రొత్తకారు ధర డెలివరీనాటి ధరయే వర్తించునని యొక నిబంధన. పాతకారు వెల డెలివరీనాటి పరీక్షకు లోబడియుండునని మరియొక నిబంధన. క్రొత్తది పెరిగినచో గృహస్థు చెల్లింపవలెను. పాతది తగ్గినచో గృహస్థే చెల్లింపవలెను. రెండు దిక్కులనుండియు వీచు గాలి ఒక యోడనే నడపుచున్నది. ఇట్టి నిబంధనలను చదివి సంతకము చేయువారు అరుదు. అక్షరములు సూక్ష్మములు, భాష యింగ్లీషు, ప్రక్కన నిలుచున్నవాడు తొందరపెట్టుచుండును.

ధర్మము దేనిని చెప్పుచున్నదో చూతము. వస్తువును కొంత రొక్కమునకును కొంత వస్తువునకును ఇచ్చుట విక్రయమా, మారకమా యను ప్రశ్న యింగ్లండులో 1857లోనే వచ్చినది. అది ఎడ్లకును బార్లీధాన్యమునకును జరిగిన బేరము. ఎడ్లకొక వెలయు ధాన్యమునకొక వెలయు కట్టి, తేడాను రొక్కముగా చెల్లింప నొప్పుకొన్నారు. న్యాయస్థానము దానిని విక్రయముగానే యెంచినది. వెల కట్టిన వస్తువు సొమ్ముతో సమానమన్నమాట. మన దేశమున 1872 నాటి కాంట్రాక్టు చట్టము 62వ సెక్షనుప్రకారము ఒడంబడికను మార్చుటకు ఉభయుల సమ్మతియు కావలెను. 73వ సెక్షనుప్రకారము మాట తప్పినవాడు దానివలన సహజముగా గలిగిన నష్టమును పూడ్పవలెను. నోటిమాట యొడంబడికయు చెల్లును. కాని రుజువుచేయుట కష్టము. వ్రాతపత్రమున్నచోట దానికి విరుద్ధముగా నోటిమాటను సాక్ష్యముగా న్యాయస్థానము సాధారణముగా పుచ్చుకొనదు. కావుననే ఆ కాగితములో నేమున్నదో ముఖ్యము.

పాతకారు వెలను గూర్చిన వ్యాజ్యములలో యింగ్లండునందు 1956లో అప్పీలుకోర్టు తీర్చిన యొక వ్యాజ్యము ప్రసిద్ధమైనది. ఒక గృహస్థు తన మారిస్ కారును ఒక మోటారు కంపెనీకిచ్చి క్రొత్త హిల్మన్ కారును పుచ్చుకొనినాడు. రిజిస్ట్రేషను పుస్తకములో ఆ మారిస్ 1948 నాటిదని యున్నది. అతడును అట్లే నమ్మి చెప్పినాడు. కంపెనీవారు 290 పౌనులు వెల కట్టినారు. కొన్ని నెలల పిమ్మట విచారింపగా అది 1939 నాటిదని తేలినది. పుస్తకములోని సంవత్సరమును అంతకుముందే యెవరో దిద్దియుండిరి. అసలు సంగతి తెలిసియున్నచో 175 పౌనులే యిచ్చియుందుమని, తేడాయగు 115 పౌనులకు కంపెనీవారు దావా వేసినారు. అప్పీలుకోర్టులో అధికసంఖ్యాకులగు న్యాయమూర్తులు దావాను త్రోసివేసినారు. గృహస్థు నిజాయితీతో తాను చూచినదే చెప్పినాడు; అతనికి ప్రత్యేకజ్ఞానము లేదు; మోటారు వర్తకులకు ఇంజనునంబరుతోను ఛాసిస్‌నంబరుతోను విచారించు సదుపాయము కలదు; పరీక్షింపవలసినవారు వారే యని వారి తీర్పు సారము. కొన్నేండ్ల తరువాత, 1965లో, అదే కోర్టు మరియొక వ్యాజ్యములో, కారు నడచిన మైళ్లనుగూర్చి వర్తకుడు చెప్పిన మాట తప్పని తేలగా, ఆ మాటకు వర్తకుని బద్ధుని చేసినది. ఈ రెంటి తారతమ్యము స్పష్టము. తెలిసినవాని మాట బరువు వేరు, తెలియనివాని మాట బరువు వేరు.

ఈ న్యాయమును మన షోరూములకు అన్వయించి చూతము. బండిని పరీక్షించుట వృత్తియైనవాడు, తీరిగ్గా పరీక్షించి వెల కట్టిన పిమ్మట, అప్పుడున్న లోపమునే రెండు నెలల తరువాత క్రొత్తగా కనుగొంటినని చెప్పుట యుక్తమా? నాడు కనబడని గీత నేడెట్లు కనబడినది? నాడు వినబడని శబ్దము నేడెట్లు వినబడినది? కంటికి లోపము లేదు. బేరమునకు బలము పెరిగినది.

అయితే మేము వర్తకులనే నిందించి యూరకుండుట ధర్మము కాదు. గృహస్థులలోను చతురులు కలరు. వెల కట్టించిన పిమ్మట మంచిటైర్లను తీసి అరిగినవానిని బిగించువారు కలరు. బ్యాటరీని మార్చువారు, సంగీతయంత్రమును విప్పుకొనువారు కలరు. ప్రమాదమున తగిలిన దెబ్బను దాచువారు, కట్టవలసిన చలానాలను చెప్పనివారు కలరు. రెండు నెలలలో ఆరువేల కిలోమీటర్లు త్రిప్పి, ఏమియు మారలేదనువారును కలరు. తెలిసి దాచినవానికి పైన జెప్పిన 1956 నాటి తీర్పు రక్షణ నీయదు, అది నిజాయితీపరునికే. బేరము నాటి స్థితిలో బండిని అప్పగించుట గృహస్థు ధర్మము. బేరము నాటి వెలను చెల్లించుట వర్తకుని ధర్మము. ఒకటి లేక రెండవది లేదు.

వెలకంటె పెద్దదగు ప్రమాద మొకటి కలదు. పాతకారును అప్పగించునపుడు గృహస్థుచేత ఖాళీ ఫారములు 29, 30లపై సంతకములు పెట్టించుకొని, బండిని పేరు మార్చకయే చేతులు మార్చుట వాడుక. బండి యెవరి చేతికి పోయినదో సంతకము చేసినవానికి తెలియదు. మోటారువాహనముల చట్టమునందు రిజిస్టరులో నెవరి పేరున్నదో వారే యజమానులు. 2007లో అమ్ముడుపోయి, పేరు మారకయే అనేకుల చేతులు మారిన యొక కారు 2009లో ప్రమాదము చేయగా, పరిహారమునకు రిజిస్టరులో పేరున్న మొదటి యజమానియే బాధ్యుడని సుప్రీంకోర్టు 2018లో తీర్పు చెప్పినది. అరువదివేలు పోయిన దుఃఖము ఆరునెలలకు మరపునకు వచ్చును. పరుల ప్రమాదమునకు తాను పరిహార మీయవలసివచ్చిన దుఃఖము జన్మకు మరపునకు రాదు. 2023 ఏప్రిల్ 1వ తేదీనుండి అమలులోనికి వచ్చిన నియమముల ప్రకారము, అధికారపత్రము పొందిన పాతబండ్ల వర్తకునికి బండిని అప్పగించినప్పుడు ఆ సంగతి రవాణాశాఖవారికి ఫారము 29సీ ద్వారా తెలుపబడవలెను. అటుపిమ్మట బండికి బాధ్యుడు ఆ వర్తకుడే. ఇది గొప్ప రక్షణ. కాని అడుగనివానికి అమ్మయైనను పెట్టదు. ఆ ఫారము రసీదు చేతికి రానిదే తాళపుచెవి నీయరాదు.

మేము ముఖ్యముగా జెప్పదలచినది యొక్కటి. బేరము ఒక్కటియైనప్పుడు కాగితమును ఒక్కటియే కావలెను. వర్తకులు క్రొత్తకారు అమ్మకమునకొక కాగితమును, పాతకారు కొనుగోలునకు వేరొక కాగితమును, ఒక్కొక్కప్పుడు వేరొక దళారి పేరిటను వ్రాయింతురు. ఇందలి చిక్కును అందరును గుర్తింపరు. 2019 నాటి వినియోగదారుల సంరక్షణచట్టము రక్షించునది కొనువానిని, అమ్మువానిని కాదు. క్రొత్తకారు ధరలో నొక భాగముగా పాతకారు నిచ్చినవాడు కొనుగోలుదారుడే. అతడు వినియోగదారుడగుటకు సందేహము లేదని మా యభిప్రాయము. అదే పాతకారును వేరొకనికి వేరుగా అమ్మినట్లు కాగితము పుట్టినచో, అతడు ఒట్టి అమ్మకందారుడై, సివిలుకోర్టు మెట్లెక్కవలసినవాడగును. ఒక చిన్న కాగితము మనిషిని ఒక ద్వారమునుండి మరియొక ద్వారమునకు త్రోయుచున్నది.

కావున బయానా చెల్లించునప్పుడే క్రొత్తకారు బుకింగు పత్రములో ఈ క్రింది సంగతులు అంకెలతో నుండవలెను. పాతకారు నంబరు, అది నాటికి తిరిగిన కిలోమీటర్లు, కనబడిన లోపములు, కట్టిన వెల, బోనస్సు వేరుగా, అది యెవరిచ్చుదురు, ఎన్నాళ్లకు, ఈ వెల యే తేదీవరకు చెల్లును, డెలివరీ ఆలస్యమైనచో ఆలస్యము ఎవరివలననైన నేమగును, ఏ కారణములచేత మాత్రమే వెల తగ్గింపవచ్చును, వెల తగ్గించినచో బయానా పూర్తిగా తిరిగి పుచ్చుకొని వెడలుటకు గృహస్థునకు హక్కు కలదా. అప్పగించునాడు మీటరుకును బండి నలుప్రక్కలకును ఫొటోలు తీసికొనవలెను. పాతకారు బీమాపై సంపాదించిన ‘నో క్లెయిమ్ బోనస్సు’ బండిది కాదు, యజమానిది. నూటికి యేబది వరకు రాయితీ యిచ్చు ఆ హక్కును పత్రము పుచ్చుకొని క్రొత్తబండికి మార్చుకొనవలెను. దీనిని మరచి విడిచిపెట్టువారు పెక్కురు.

అన్నియు జేసినను వర్తకుడు మాట తప్పినచో? షోరూము గుమ్మమున వాదించుటవలన ఫలము లేదు. “మీరు వ్రాసిన వెలకు నేను సిద్ధముగా నున్నాను, తగ్గింపునకు నేను సమ్మతింపలేదు” అని వ్రాతమూలకముగా తెలుపవలెను. ముహూర్తబలముచేత బండిని పుచ్చుకొనక తప్పనిచో, ఆ సమ్మతిలేమిని వ్రాసి పంపినపిమ్మటనే పుచ్చుకొనవలెను. పిదప 1915 నంబరునకు టెలిఫోను చేయవచ్చును. జిల్లా కమిషనునందు రెండు సంవత్సరములలోపుగా ఫిర్యాదు చేయవచ్చును. చెల్లించిన ప్రతిఫలము ఏబది లక్షలవరకు జిల్లా కమిషనే వినును. 2019 చట్టముప్రకారము ఫిర్యాదుదారుడు తాను నివసించు జిల్లాలోనే ఫిర్యాదు దాఖలు చేయవచ్చును. వర్తకుని పట్టణమునకు తిరుగనక్కరలేదు. ఒంగోలువాడు హైదరాబాదులో కొన్నను ఒంగోలులోనే వినిపించుకొనవచ్చునన్నమాట. ఇక ఒకవైపే మ్రొగ్గు ముద్రితనిబంధనలను అన్యాయమగు ఒడంబడికలని సవాలుచేయదలచినచో రాష్ట్ర కమిషనునకు పోవలెను.

ప్రభుత్వమువారికిని ఒక మనవి. అద్దెపత్రమునకును అమ్మకపత్రమునకును పద్ధతులున్నవి. లక్షలతో గూడిన ఈ మార్పిడికి నియతమైన పత్రము లేకపోవుట చింత్యము. కట్టిన వెల, అది చెల్లు గడువు, తగ్గింపునకు కారణములు అను మూడింటితో తెలుగులో ముద్రితమైన ఒక పుటను ప్రతి షోరూమునందును తప్పనిసరి చేసినచో సగము తగవులు పుట్టకయే యడగును. నిజాయితీగల వర్తకునకు దీనివలన కష్టములేదు. పైపెచ్చు మాట నిలువబెట్టుకొనక వెలను మొదట పెంచి చెప్పి గిరాకీని లాగుకొను పోటీదారునినుండి అతనికి రక్షణ కలుగును. నేడు సత్యముగా మూడులక్షల యరువదివేలని చెప్పినవానిని విడిచి, అబద్ధముగా నాలుగులక్షల యిరువదివేలని చెప్పినవాని యొద్దకు గృహస్థు పోవుచున్నాడు. అబద్ధమునకు బహుమానమును సత్యమునకు దండనయు నిచ్చు బజారు ఎంతకాలమో మంచి వర్తకులను మిగుల్చుకొనజాలదు.

సంతలో దళారి తుండుగుడ్డక్రింద బట్టిన వ్రేలికి సాక్ష్యము లేదు, ముద్ర లేదు. అయినను ఆ వెల నిలిచినది. ఏలయన, మాట తప్పినవానికి మరునాటి సంత లేదు. నేడు ఆ భయము పోయినది. దాని స్థానమున చట్టమున్నది, కాగితమున్నది, కమిషనున్నది. వానిని వాడుకొనువాడు లేనినాడు అవియు నలంకారములే. పాఠకమహాశయులు రాబోవు కారును కొనునప్పుడు రంగును నిర్ణయించుకొనుటకు ముందు ఆ కాగితమును తెప్పించి చదువుదురుగాక.